నాబోతు ఊరి పెద్దలు
(1 రాజులు 21:1–16)

నాబోతు కథ చదివినప్పుడు మనము యెజెబెలునే నిందింతుము. ఆమె తాకీదులు అందుకొనిన యెజ్రెయేలు పెద్దల సంగతి తలంపము. వారు నాబోతు పొరుగువారు. అతడు దేవదూషకుడు కాడని ఎరుగుదురు. అయినను రాజముద్ర చూచి, ఉపవాసదినము చాటించి, ఇద్దరు అబద్ధసాక్షులను నిలువబెట్టిరి. అపవాదు ఊరందరి యెదుట. ద్రాక్షతోట మాట మాత్రము నగరులోనే.

ఇది చదువునప్పుడు మాకు విశాఖ ఉక్కు కర్మాగారము జ్ఞాపకము వచ్చినది. 2021 జనవరి 27న కేంద్ర మంత్రివర్గ సంఘము అందలి ప్రభుత్వ వాటా యావత్తు విక్రయించుటకు సూత్రప్రాయముగా సమ్మతించెను. 2024 ఎన్నికలలో పక్షములు ఆ నేరమును ఒకదానిపై నొకటి మోపుకొనెను. ఏ కంపెనీ ఏ పక్షమునకు ఎంత ఇచ్చెనో 2018 నుండి ఎన్నికల బాండ్లు ప్రజలకు తెలియనీయలేదు; 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు ఆ యేర్పాటును కొట్టివేసినది. టెలివిజనులో వచ్చు రాజకీయ ప్రకటనలను ముందుగా పరీక్షింపవలెనని ఆ కోర్టే 2004లో ఉత్తరువిచ్చెను. మన నోటికి అట్టి పరీక్ష లేదు గదా!

మన సాలూరు లారీల ఊరు. లోడు లేక బండి నిలిచిపోయిన దినమున ఏ డ్రైవరు ఇంట, ఏ క్లీనరు ఇంట పొయ్యి రాజలేదో మనము ఎరుగుదుము. అయినను టీకొట్టు యొద్ద మనము పలుకునది నిన్న ఫోనులో చూచిన నిందయే. పని పోయిన సహోదరుడు గుడిలో వెనుక బల్లపై కూర్చుండి, కానుకసంచి రాకమునుపే లేచి వెళ్లుచున్నాడు. వాని పని ఎవరు పోగొట్టిరో వాదించితిమి. వాని ఇంటికి పోయినవారము ఎందరము?

వచ్చు ఆదివారము ఆరాధన ముగిసిన పిమ్మట ఇద్దరిద్దరముగా అట్టి ఇండ్లకు వెళ్లుదము. పార్టీల మాట ఎత్తక, ఇంట బియ్యమున్నవో లేవో అడుగుదము.