సర్వోదయము – కాయకధర్మము

అర్థశాస్త్రమన్న మాట వినగానే సామాన్య గృహస్థుడు అది తనకు సంబంధము లేని విద్య యని తలచి తొలగిపోవును. కాని కూలివానికి ఎంత ఇవ్వవలెను, మిగిలిన ధాన్యము ఎవరిది, ఒకని లాభము మరియొకని ఆకలి యగునా అను ప్రశ్నలు పుట్టునది వాని గడపలోనే. వానిని కఠిన పరిభాషలో దాచినచో అడుగవలసినవాడు నోరు మెదపలేడు. ధనమును గూర్చిన ధర్మమును ప్రజల పలుకుబడిలోనికి తెచ్చినవారి చరిత్ర అందువలన తెలిసికొనదగినది.

1860లో ఇంగ్లండునందు జాన్ రస్కిన్ అను రచయిత ‘అంటు దిస్ లాస్ట్’ అను వ్యాసములను ఒక మాసపత్రికలో ప్రకటించెను. శ్రమను సంతలోని సరుకువలె బేరమాడరాదని ఆయన వాదము. చదువరులలో ఆగ్రహము చెలరేగగా, నాలుగు వ్యాసములతోనే పత్రిక వానిని నిలిపివేసెను. 1862లో అవి పుస్తకముగా వెలువడినవి. ఆయన చూపిన దృష్టాంతము మిక్కిలి తేలికైనది. రోగము వచ్చినపుడు తక్కువ రుసుమునకు ఒప్పుకొను వైద్యుని ఎవరును వెదకరు. మంచి వైద్యుని వెదకి, వాడుకలోనున్న రుసుము నిత్తురు. ఇటుకలు పేర్చువాని యెడల ఆ న్యాయము ఏల మరుగుపడవలెను? అందరికి సమముగా ఇచ్చినచో సోమరికి మేలగును గదా యని ఆక్షేపించువారు నేటికిని గలరు. మంచి పనివానిని పిలువుడు, చెడ్డవానిని పిలువకుడు, కూలిని మాత్రము కోయకుడు అని రస్కిన్ సమాధానము.

ఆ పుస్తకము పేరు క్రైస్తవుల సువార్తలోని ఉపమానము నుండి వచ్చినది. ద్రాక్షతోట యజమాని ఉదయమే వచ్చినవారికిని, ప్రొద్దుగూకు వేళ వచ్చిన కడపటివారికిని ఒకే కూలి నిచ్చెను.

1904లో దక్షిణాఫ్రికాలో జోహాన్సుబర్గు నుండి డర్బనుకు రైలులో పోవుచుండగా గాంధీ దీనిని చదివెను. ఆ రాత్రి నిద్ర పట్టలేదని ఆత్మకథలో వ్రాసికొనెను. మంగలి పనికిని వకీలు పనికిని విలువ యొక్కటే యని ఆయన గ్రహించిన పాఠములలో ఒకటి. తానే వకీలు గనుక ఇది ఊరక పలికిన మాట కాదు. ఆ యేడే ఫీనిక్సు వద్ద 100 ఎకరముల నేల సంపాదించి, తన పత్రిక ముద్రణాలయమును అచ్చటికి మార్చెను. వర్ణభేదము, దేశభేదము లేక తలకు నెలకు 3 పౌన్లని నిర్ణయము. పనివారందరును దీనికి సమ్మతింపలేదు. ఆ సంగతి ఆయన దాచను లేదు.

1908లో ‘ఇండియన్ ఒపీనియన్’ పత్రికయందు ఆ గ్రంథసారమును గుజరాతీలో ప్రకటించెను. అది మక్కికి మక్కి అనువాదము కాదు. అంగడివానికిని అర్థమగునట్లు కుదించిన సంగ్రహము. పేరు ‘సర్వోదయము’. అధిక సంఖ్యాకుల సుఖమే చాలునను సిద్ధాంతమును ఆ యొక్క పేరే త్రోసిపుచ్చినది. ఏలయన ‘సర్వ’ శబ్దములో కడపటివాడును చేరును.

శరణ సంతతికి ఇది క్రొత్త తత్త్వము కాదు. 12వ శతాబ్దిలో కల్యాణమునందు బసవేశ్వరుని చుట్టు చేరినవారిలో చాకలి మాచయ్య, పడవ నడుపు చౌడయ్య, త్రాళ్లు పేను చందయ్య గలరు. వారి వచనములు సంస్కృతమున గాక కన్నడ జనుల నోటి మాటలలో వెలసినవి. పిమ్మట పాల్కురికి సోమనాథుడు బసవపురాణమును జాను తెనుగున, ద్విపదలో చెప్పెను. పండితుల మెప్పే కోరియున్నచో వేరు ఛందస్సు నెన్నుకొనియుండును.

ద్రాక్షతోట కథ ఇచ్చువాని ధర్మమును చెప్పినది. పుచ్చుకొనువాని ధర్మమును ఆయ్దక్కి మారయ్య ఇల్లాలు లక్కమ్మ చెప్పినది. నేల రాలిన బియ్యపు గింజల నేరి తెచ్చి దాసోహము జరుపుట ఆ దంపతుల కాయకము. ఒకనాడు బసవేశ్వరుడు వారిని పరీక్షింపగోరి బియ్యము ఎక్కువగా చల్లించెనని శరణుల కథ. మారయ్య సంతోషముతో మూట నిండ తెచ్చెను. లక్కమ్మ మూటను చూచి, నిత్యము తెచ్చునంతకంటె ఇది అధికముగా నున్నదేమని అడిగెను. ఆశ భక్తునికి తగదనెను. నేటికి చాలినంత ఉంచి తక్కినది తెచ్చిన చోటనే పోసి రమ్మనెను. మారయ్య మారు పలుకక మూటను మరల భుజమున వేసికొనెను.