విత్తనము: పూర్వుల నిక్షేపము

కొన్ని వస్తువులు వాడినకొలది తరుగును. కొన్ని వాడకున్న నశించును. ధనము మొదటి కోవకు, విద్య రెండవ కోవకు చెందినవి. విత్తనము ఈ రెంటికిని నడుమ నున్నది. తినిన తరిగిపోవును, గాదెలో పోసి మరచిన మొలకెత్తు శక్తిని కోల్పోవును. ఏటేట మట్టిలో వేసి మరల కోసికొన్నప్పుడే అది రైతు యింట నిలుచును. ఇట్టి వస్తువునకు యజమాని యెవడు? దున్ని విత్తినవాడా? క్రొత్త వంగడమును కూర్చిన శాస్త్రజ్ఞుడా? విక్రయించు వర్తకుడా? న్యాయస్థానములే తేల్చవలసిన తగవుగా ఇది పైకి కన్పట్టును గాని, విచారించి చూచినచో ఇది ధర్మమునకు సంబంధించిన ప్రశ్న.

ఈ విచారణకు అండమాను దీవులు తగిన తావు. ఆదిమవాసులు వేటచే, వన్యఫలములచే జీవించిరి గాని నేలను దున్నలేదు. 1858లో ఆంగ్లేయులు అచ్చట శిక్షాస్థావరమును నెలకొల్పిన పిదప సేద్యము విస్తరించెను. కావున అచ్చటి ప్రతి ధాన్యపుగింజయు ఎవరి మూటలోనో సముద్రము దాటి వచ్చినదే. 1925లో బర్మానుండి కొన్ని కరెను కుటుంబములు వచ్చి మధ్య అండమానులో మాయాబందరు చెంత వెబి గ్రామమున స్థిరపడినవి. వారు తమ వరి విత్తనములను గూడ తెచ్చుకొనిరి. బ్లాక్ బర్మా, రెడ్ బర్మా, వైట్ బర్మా యను రకములను వారి సంతతివారు తరతరములుగ కాపాడుచు వచ్చిరి. విడిచి వచ్చిన దేశముపేరు ఇట్లు ధాన్యమునందు నిలిచినది.

2024 వరకు పోర్టుబ్లెయిరని పిలువబడి, ఇప్పుడు శ్రీవిజయపురమైన పట్టణమునకు దాపున గరాచర్మ యున్నది. తెలుగువారును పెక్కురు నివసించు ఆ దీవులకై 1978లో ఏర్పడిన కేంద్ర వ్యవసాయ పరిశోధనాసంస్థ ఈ గరాచర్మలోనే కలదు. అచ్చటి శాస్త్రజ్ఞులు కరెనుల వరి రకములను సేకరించి, వాని గుణములను పరిశీలించి గ్రంథస్థము చేసిరి. వెబి రైతు చేతినుండి గరాచర్మ శాస్త్రజ్ఞుని చేతికి వచ్చిన ఆ గింజ ఎవరి సొత్తు? తెచ్చినవారు వేరు, నిలిపినవారు వేరు, గుణమెరిగినవారు వేరు. వీరిలో ఏ యొక్కరు లేకున్నను అది నేడు మన కెరుకలో నుండదు.

ఛాందోగ్యోపనిషత్తులో ఉద్దాలకుడు కుమారుని చేత మఱ్ఱిపండు తెప్పించి, గింజను చీల్పించి, లోపల ఏమి కన్పట్టుచున్నదని యడుగును. ఏమియు లేదని బాలుడు చెప్పును. ఆ కానరాని సూక్ష్మమునుండియే మహావృక్షము నిలిచియున్నదని తండ్రి బోధించును. ఆ బోధ ఆత్మతత్త్వమును గూర్చినది. అయినను రైతు విత్తనము విషయమునను అది అక్షరాల సత్యము. గింజలో నున్నదంతయు మన కంటికి కానరాదు. అవసరము వచ్చినప్పుడే బయల్పడును.

నీవారమను అడవివరి మునుల యాహారమని మన కావ్యములు చదివినవారెల్ల ఎరుగుదురు. ఆ పేరే శాస్త్రజ్ఞులు ఒక అడవివరి జాతికి పెట్టిరి. ఆసియా ఖండపు వరిచేలను ఒక వైరస్ తెగులు కుంగదీసినప్పుడు, ఫిలిప్పీన్సులోని అంతర్జాతీయ వరి పరిశోధనాసంస్థవారు వేలకొలది రకములను పరీక్షించిరి. ఉత్తరప్రదేశమునుండి సేకరించిన నీవారపు నమూనా యొక్కటి మాత్రము ఆ తెగులునకు లొంగలేదు. ఆ గుణమును చేర్చుకొన్న ఐ.ఆర్. 36 అను వంగడము 1976లో వెలువడి కోట్ల జనులకు అన్నము పెట్టెను. అట్లే కేరళ తీరపు ఉప్పునేలల పొక్కాలి వరి, ఉప్పు నోర్చు క్రొత్త వంగడములకు ఆధారమైనది. 2004 డిసెంబరు 26న సునామి అండమాను పొలములను ఉప్పునీట ముంచినప్పుడు, అట్టి గుణము విలువ యెంతటిదో లోకమునకు తెలిసినది. దిగుబడి యొక్కదానినే తూచి పాత విత్తనమును పనికిరానిదనుట, గింజ చీల్చి చూచి ఏమియు లేదన్న బాలుని మాటవంటిది.

క్రొత్త వంగడము మాత్రము గాలిలో పుట్టినదా? నేడు తెలుగువారు మక్కువతో భుజించు సాంబమసూరి 1986లో బాపట్ల పరిశోధనాస్థానమునుండి వెలువడినది. దాని పూర్వులలో జి.ఇ.బి. 24 ఒకటి; అది కోనమణి యను పాత వరినుండి జనించినది. శాస్త్రజ్ఞుని శ్రమ గొప్పది, ప్రతిఫలమున కర్హమైనది. ఐనను ఆయన కట్టినది పై యంతస్తు. పునాది పేరెరుగని రైతులది. కావున విత్తనమును పూర్తిగ నాదనువాడు, ఎవడైనను, పూర్వుల వాటాను గూడ తనదిగా వ్రాసికొనుచున్నాడు.

మన దేశమున 2001లో వచ్చిన వృక్షవంగడముల, రైతు హక్కుల పరిరక్షణ చట్టము ఈ న్యాయమును కొంతవరకు గుర్తించినది. రక్షణ పొందిన వంగడమునైనను రైతు దాచుకొనవచ్చును, విత్తవచ్చును, మార్చుకొనవచ్చును, పంచవచ్చును, అమ్మవచ్చును. బ్రాండు ముద్రతో విత్తనముగ మాత్రము అమ్మరాదు. 2019లో పెప్సికో కంపెనీ తన ఆలుగడ్డ రకమును పండించిరని గుజరాతు రైతులపై దావాలు వేసి, దేశమున నిరసన చెలరేగగా వానిని ఉపసంహరించుకొన్నది. హక్కు కాగితముమీద నున్నంత మాత్రమున చాలదని, దానిని నిలబెట్టు జనాభిప్రాయము గూడ మేల్కొని యుండవలెనని ఆ యుదంతము తెలుపుచున్నది.

ఇచ్చట ఒక కఠినమైన ప్రశ్న యెదురగును. పాత విత్తనమును కాపాడుమని బీదరైతునకు చెప్పుట సులభము. అప్పుల పాలైన వాడు హెచ్చు దిగుబడిని విడిచి, లోకహితమునకై తక్కువ పండు రకమును వేయవలెనా? పట్టణమున సన్నబియ్యము తినువారము అతనికి త్యాగమును బోధింపవచ్చునా? బోధింపరాదు. నిక్షేపము లోకమందరిదైనచో, దానిని కాపాడు భారమును అందరిదే. ఆ చట్టములోనే, విత్తన సంపదను నిలిపిన రైతులకు, గ్రామములకు పారితోషికమిచ్చుటకు జన్యునిధి యను ఒక నిధి యేర్పరుపబడినది. దానిని దానమని తలంపరాదు; అది ఋణము తీర్చుకొనుట.

జహీరాబాదు ప్రాంతపు స్త్రీలు ఈ భారమును కలసి మోయు మార్గమును చూపిరి. వారిలో పెక్కురు దళితులు, కొలది నేల గలవారు. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘములలో చేరి జొన్న, కొఱ్ఱ, సామ మున్నగు విత్తనములను బూడిద, వేపాకు కలిపి దాచుచున్నారు. విత్తన మడిగిన వారికి సొమ్ము పుచ్చుకొనక ఇత్తురు; పంట వచ్చిన పిదప తీసికొన్నదానికంటె హెచ్చుగా తిరిగి కొలువవలెను. సంక్రాంతి దినములలో పాత పంటల జాతర పేర విత్తనములను బండ్లపై ఊరూర త్రిప్పుదురు. వారి సంఘములకు 2019లో ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ బహుమతి లభించెను. ఒంటరిగ మోసిన త్యాగమగునది పదిమంది పంచుకొన్న ఆచారమైనది.

నిక్షేపమును కాచుట ఎంతవరకు పోగలదో లెనిన్‌గ్రాడు చూపెను. 1941లో జర్మను సేనలు ఆ నగరమును ముట్టడించినప్పుడు, వవిలోవు కూర్చిన విత్తనశాలలోని ఉద్యోగులు కొందరు బస్తాల నడుమనే ఆకలికి మరణించిరి. వారిలో వరి విత్తనముల కాపరి ఇవానోవు ఒకడు. వారు ఆ గింజలను తినియుండినను ఆపద్ధర్మమని లోకము మన్నించెడిది. తమది కానిదను భావమే వారి చేతులను ఆపినది.

మనలను ఎవరును అంతటి తపస్సు కోరుటలేదు. తినువాడు ఏడాదిలో కొన్ని దినములైనను పాత ధాన్యమును కొని వండింపవలెను. భూమి గలవాడు ఒక మడినైనను దానికి విడువవలెను. విద్యావంతుడు రైతునకు అతని హక్కును తెలియజెప్పవలెను. వెబి గ్రామపు కరెను తన పెద్దలు తెచ్చిన మూటను విప్పి మరల విత్తుచుండగా, మన తాతలు విత్తిన కోనమణి, అక్కుళ్ళు, మొలగొలుకులు మన పిల్లలకు పేరైనను తెలియకుండుట న్యాయము కాదు. తీసికొన్న కొలతను తిరిగి కొలుచుట మన వంతు.