రథం కాలితే బూడిద, సూర్యుడు కాలితే?

రథసప్తమి తెల్లవారుజామున అంతర్వేది సాగరసంగమంలో నెత్తిన జిల్లేడాకులు పెట్టుకుని మునిగేవాళ్లు సముద్రం మీద లేచే సూర్యుడికి దణ్ణం పెడతారు. మూడు రోజులకు, దశమి రాత్రి, లక్ష్మీనరసింహస్వామి కల్యాణం. మర్నాడు భీష్మ ఏకాదశికి రథం కదులుతుంది. ఆ రథమే 2020 సెప్టెంబరులో ఓ రాత్రి కాలిపోయింది. 2021 రథసప్తమికి కొత్తది సిద్ధమైంది.

ఆ రాత్రి మంటలో కలపలోని కార్బన్ గాలిలోని ఆక్సిజన్‌తో జతకట్టి ఎగిరిపోయింది, మిగిలింది బూడిదైంది. ఒక్క పరమాణువూ చావలేదు, కొత్తదీ పుట్టలేదు. సూర్యుడి మంట వేరు. దాని నడిబొడ్డున కోటిన్నర డిగ్రీల వేడిలో నాలుగు హైడ్రోజన్ కేంద్రకాలు అంచెలంచెలుగా కలిసి ఒక హీలియం అవుతాయి. ఈ హీలియం కథలో మనకూ వాటా ఉంది. 1868 ఆగస్టు 18 సంపూర్ణ సూర్యగ్రహణం నాడు ఖగోళ శాస్త్రవేత్తలు గుంటూరులో జాన్సెన్, మచిలీపట్నంలో పాగ్సన్ సూర్యుడి అంచున లేచే జ్వాలల వెలుగును విడదీసి చూశారు. అందులోని ఓ పసుపు గీత అప్పటికి తెలిసిన ఏ మూలకానిదీ కాదని తర్వాత తేలింది. ఆ మూలకం భూమ్మీద చేతికి చిక్కింది 1895లో.

పదార్థం రూపు మారడం గురించే ఛాందోగ్యోపనిషత్తులో ఉద్దాలకుడు కొడుకు శ్వేతకేతుకు మూడు ఉదాహరణలు చెబుతాడు: మట్టిముద్ద, బంగారం, గోళ్లు తీసే ఇనుప కత్తి. ముద్దను తెలుసుకుంటే కుండలన్నీ తెలిసినట్టే. మారేది రూపమూ పేరూ, అసలు సరుకు ఒకటే అని ఆయన వాదం. ఆయన ఆగిన చోట ఇంకో మెట్టుంది. ఆ బంగారమూ ఇనుమూ కూడా తయారైన కుండలే! పెద్ద నక్షత్రాలు హీలియం నుంచి కార్బన్, ఆక్సిజన్, సిలికాన్ మీదుగా ఇనుము దాకా వండుతాయి. ఇనుమును కలిపితే శక్తి రాదు, ఖర్చవుతుంది. పొయ్యి ఆరుతుంది, నడిబొడ్డు కూలుతుంది, నక్షత్రం పేలుతుంది. బంగారానికి వేరే పొయ్యి కావాలి: 2017 ఆగస్టు 17న రెండు న్యూట్రాన్ తారలు ఢీకొన్న జాడ అందినప్పుడు, అలాంటి బరువైన మూలకాలు అక్కడ పుడుతున్న ఆనవాళ్లు కనిపించాయి.

అంతర్వేది స్థలపురాణంలో రక్తవిలోచనుడనే రాక్షసుడి నెత్తుటిచుక్క నేల తాకితే కొత్త రాక్షసుడు లేస్తాడు. నెత్తుటి ఎరుపుకు కారణం ఆ ఇనుమే. అంతమాత్రాన పురాణంలో భౌతికశాస్త్రం దాగుందని అనడం రెండింటికీ అన్యాయం.

అసలు చిక్కు వేరే ఉంది. ఉద్దాలకుడి మాటలను చదివిన అద్వైతులు మార్పును పైకి కనిపించేదిగానే ఎంచారు. రామానుజులు మార్పు నిజమేనన్నారు. సూర్యుడిని తూకం వేస్తే రెండో పక్షానికే మొగ్గు కనిపిస్తుంది. నాలుగు హైడ్రోజన్లు హీలియమయ్యాక వెయ్యి వంతుల్లో ఏడు వంతుల బరువు తగ్గుతుంది. కుండ చేస్తే మట్టి తరగదు; ఇక్కడ తరుగుతోంది. సెకనుకు దాదాపు 60 కోట్ల టన్నుల హైడ్రోజన్ మారితే, 40 లక్షల టన్నులకు పైగా పదార్థంగా మిగలకుండా శక్తిగా వెళ్లిపోతోంది. ఉద్దాలకుడి శిష్యులు ఊరుకోకపోవచ్చు: పదార్థమూ శక్తీ కూడా ఒకే సరుకుకు రెండు పేర్లేనని ఐన్‌స్టీన్‌నే సాక్ష్యానికి పిలుస్తారు.

ఆ తరుగే, సూర్యుడి ముఖం విడిచిన సుమారు 8 నిమిషాల 20 సెకన్లకు, సంగమం ఒడ్డున తడి జిల్లేడాకులను ఆరబెడుతుంటుంది.