అంగడి అరుగు - అభయదానము



జైనశాస్త్రములలో గృహస్థునకు 'అగారి' యనియు, సాధువునకు 'అనగారుడు' అనియు పేర్లు కలవు. అగారమనగా ఇల్లు. ఇల్లు కలవాడు శ్రావకుడు, ఇల్లు విడిచినవాడు ముని. మహావీరస్వామి దీక్ష గైకొన్న పిమ్మట పండ్రెండేండ్లకు పైగా ఇల్లు లేక తిరిగెను. పాడుపడిన ఇండ్లలోను, పనివాండ్ర పాకలలోను, గడ్డికప్పుల క్రిందను, శ్మశానములలోను, చెట్లమొదళ్లను ఆయన రాత్రులు గడిపినట్లు ఆచారాంగసూత్రము చెప్పుచున్నది. కొన్ని పల్లెలవారు ఆయనను కొట్టి తరిమిరి, కుక్కలను ఉసికొల్పిరి.

ఈ చరిత్రను పర్యూషణ దినములలో విని కన్నులు చెమర్చని శ్రావకుడు లేడు. ఆ శ్రావకుడే మఱునాటి ఉదయమున అంగడి తలుపు తీయబోయి, అరుగుమీద గోనెపట్టా కప్పుకొని పండుకొన్న ముసలివానిని చూచి ఏమి చేయుచున్నాడు? 'లే, లే' యని అదలించును. కొందఱు నీళ్లు చల్లుదురు. మఱికొందఱు అచ్చట ఎవరును నడుము వాల్చకుండ ఇనుపకమ్ములు నాటింతురు. విన్న కథకును చేసిన పనికిని నడుమ ఎంత దూరమున్నదో విచారించుకొనవలెను.

మునికిని ఈ ముసలివానికిని గల భేదమును ముందుగా గుర్తింపవలెను. ముని ఇల్లు విడిచెను, ఈతనిని ఇల్లు విడిచినది. మొదటిది తపస్సు, రెండవది దుఃఖము. పూర్వకర్మ ఫలమని చెప్పి దాటిపోవుట ధర్మము కాదు. ఎదుటివాని కర్మము ఎదుటివానిది, దానిని చూచి కూడ కదలని మనస్సు చూచినవాని కర్మము. అంతేకాదు, ఇల్లు విడిచిన మునులు సైతము చాతుర్మాస్యమున ఒకచోట కప్పుక్రింద నిలిచియుందురు. వారికి వసతి ఇచ్చిన గృహస్థునకు 'శయ్యాతరుడు' అని గౌరవనామము. ఆ యింట సాధువులు ఆహారమును స్వీకరింపరు. అన్నిటిని త్యజించినవారికే వానకాలమున కప్పు కావలసియుండగా, ఏమియు లేనివానికి అక్కఱలేదనుట ఎట్లు?

ఉడుమలైపేటలో గాలి ఎట్టిదో వేరుగా చెప్పనక్కఱలేదు. పాలఘాటు కనుమగుండ వచ్చు ఆడిమాసపు గాలికి గాలిమరలు తిరుగును, ధనము పుట్టును. ఆ గాలియే రాత్రివేళ అరుగుమీదివాని ఎముకలలో దూరును. ధనుర్మాసమున కొండలవైపునుండి దిగు చలి సంగతియు అంతే. 2011 జనాభా లెక్కలలో దేశమంతట ఇల్లు లేనివారు 17 లక్షల 70 వేలకు పైబడి తేలిరి. అందు 9 లక్షల 38 వేలమంది పట్టణములలోనివారు. పనికై వచ్చి కూలి దొరకనివారు, బిడ్డలు వెళ్లగొట్టిన వృద్ధులు, మతి చలించినవారు, మగని దెబ్బలకు తాళలేక బయటపడిన ఆడువారు ఇట్టివారిలో నుందురు.

వర్తకులు నిరాశ్రయులకు చోటు కల్పించుట ఈ దేశమునకు క్రొత్త కాదు. మధుర చుట్టుపట్ల కొండగుహలలో జైనమునులకై తొలిచిన రాతిపడకలు నేటికిని ఉన్నవి. మాంగుళము కొండమీద, క్రీస్తుపూర్వము 2వ శతాబ్ది నాటిదని పండితులు నిర్ణయించిన లిపిలో, వెళ్లరై అను ఊరి వర్తకశ్రేణి చేసిన దానము చెక్కబడియున్నది. అళగర్‌మలై గుహలో బంగారు వర్తకుడు, ఉప్పు వర్తకుడు, బట్టల వర్తకుడు దాతలుగా కనబడుదురు. తిరుక్కోవలూరు ప్రాంతమున జంబై గ్రామములోని చోళులనాటి శాసనమొకటి జైనపళ్లిని చేరిన 'అంజినాన్ పుగలిడము'ను పేర్కొనుచున్నది. భయపడినవాడు వచ్చి చేరు చోటు అని దాని యర్థము. ఆహార, ఔషధ, శాస్త్ర, అభయ దానములని చెప్పు నాలుగింటిలో అభయమునకు ఆనాటివారు కట్టిన కట్టడమది. కాబట్టి ఆశ్రయశాలకు సాయపడుట కొత్త ఫ్యాషను కాదు, పాతబాకీ.

ఆ బాకీ తీర్చుట ఎట్లు? దానఫలము విధి, ద్రవ్యము, దాత, పాత్ర అను నాలుగింటిని బట్టి మారునని ఉమాస్వాతి తత్త్వార్థసూత్రమున చెప్పెను. ఆ నాలుగే దారి చూపును.

పాత్ర సంగతి మొదట చూతము. 'వారిలో త్రాగుబోతులు లేరా, సోమరులు లేరా?' అని అడుగువారు కలరు. ఉండవచ్చును. సుపాత్రదానమునకు యోగ్యత చూడవలెను, అనుకంపాదానమునకు బాధయే యోగ్యత. సూక్ష్మజీవికి హాని కలుగునని నీరు వడకట్టి త్రాగువారు, పశువులకు పింజ్రాపోలు కట్టించినవారు, గడపముందు పంచేంద్రియ జీవియైన మనుష్యుని దాటిపోవుట తగునా? వడకట్టు గుడ్డ విలువ ఆ గడపవద్దనే తేలును.

ద్రవ్యము రెండవది. ఇంట మూలబడిన చినిగిన దుప్పటిని ఇచ్చుట గది శుభ్రము చేసికొనుటయే గాని దానము కాదు. తాను కప్పుకొనగలిగినదే ఇయ్యవలెను. 2013లో కేంద్రప్రభుత్వము ఆరంభించిన పట్టణ జీవనోపాధి పథకపు నిబంధనలలో ఆశ్రయశాలయందు మనిషికి 50 చదరపుటడుగుల చోటు ఉండవలెనని ఉండెను. అంగడిలో బస్తాలు పేర్చుటకు అంతకంటె ఎక్కువ చోటు కేటాయింపబడుచున్నది. చాప, దుప్పటి, వడకట్టిన మంచినీరు, తాళము గల చిన్నపెట్టె - ఇవి చాలినన్ని ఉన్నవో లేవో చూచుట శ్రావకుని పని. తాళపుపెట్టె ఎందుకని అడుగవచ్చును. కూలివాని కూలిడబ్బు నిద్రలో పోయినచో ఆ శాలకు వాడు మరల రాడు.

విధి మూడవది. ఏడాదికొకమారు మహావీర జయంతినాడు మిఠాయి పంచి ఫోటో తీయించుకొన్నచో మిగిలిన 364 రాత్రులు ఎవరివి? వంతులు వేసికొని, ఇంటికి ఇద్దఱు చొప్పున వారమునకొక పూట పోవుట మేలు. రాత్రిభోజన త్యాగవ్రతము గలవారికి ఒక సందేహము కలుగును: 'చీకటిపడిన పిదప పనినుండి వచ్చినవానికి అన్నము వడ్డింపవచ్చునా?' వ్రతము పట్టినవానిని బంధించును గాని, ఆకలిగొన్నవానిమీద రుద్దదగినది కాదు. మనస్సు ఒప్పనివారు పొద్దు గ్రుంకకముందే వంట చేరవేసి, పిమ్మట వేఱుపని చేయవచ్చును. రోగిని ఆసుపత్రికి తీసికొనిపోవలెను. రేషను కార్డునకు, వృద్ధుల పింఛనునకు దరఖాస్తు వ్రాయవలెను. చిట్టా, ఆవర్జా వ్రాసిన చేతికి ఇది ఎంత పని? ఇంటిచిరునామా లేనివానికి ఆ కాగితమే సగము ఇల్లు. ఆడువారి వసతికి శ్రావికలే పోవలెను. వారు చెప్పుకొను కష్టము పరుషులముందు నోట రాదు.

దాత కడపటివాడు. దానములలో కీర్తిదానమును పెద్దలు అడుగున పెట్టిరి. సంచికలో దాతల పట్టిక అచ్చుపడుట తప్పు కాదు, ఆ పట్టికకొఱకే చేయి చాచుట లోపము. రాత్రి శాలలో పండుకొన్నవాని పేరు దాతకు తెలిసినదా? అతని ఊరేదో, బిడ్డలెందరో అడిగినాడా? డబ్బు పంపుట సులభము, ప్రక్కన కూర్చుండుట కష్టము. ఆభ్యంతర తపస్సులలో వైయావృత్త్యము, అనగా సేవ, ఒకటి. అది మొదట మునులకై చెప్పబడినదే యైనను, దానివలన కఱగవలసిన అహంకారము అందరిలోను ఒకటే.

కుల్పాక్ యాత్రకు పోయినవారు ధర్మశాలలో గది దొరకునా యని ముందుగా విచారింతురు. చీకటిపడువేళ తలదాచుకొను చోటు లేదన్న దిగులు ఒక్క గడియ యైన వారు ఎఱుగుదురు. ఆ గడియ అరుగుమీదివానికి ప్రతిసాయంకాలమును వచ్చును.

దీపావళినాడు క్రొత్త ఖాతాపుస్తకమున 'లాభము, శుభము' అని వ్రాయునపుడు, ఈ యేట ఆశ్రయశాలకు ఇన్ని రాత్రులు అని ఒక పద్దు వ్రాసికొనుడు. ఏడాది చివర సరిచూచుకొనుడు. అంతవరకు, రేపు ఉదయమున అంగడి తెఱచునపుడు అరుగుమీద ఎవరైన ఉన్నచో, మెల్లగా లేపి, పేరడిగి, గ్లాసెడు వేడిపాలు ఇయ్యుడు. శాలకు దారి చూపుట ఆ తరువాత.

జై జినేంద్ర!