ఊరికే వెళ్ళిరావడం

'ఊరికే' అన్న మాట మన భాషలో ఎన్ని పనులు చేస్తుందో చూడండి. ఊరికే ఇచ్చారంటే డబ్బు తీసుకోకుండా ఇచ్చారని. ఊరికే వచ్చానంటే ఏ పనీ పెట్టుకోకుండా వచ్చానని. ఊరికే కూర్చుందంటే మాత్రం తిట్టు. ఈ మూడో వాడుక మగవాళ్ళ విషయంలో అంతగా వినపడదు. రచ్చబండ మీద మధ్యాహ్నమంతా కూర్చున్న మనిషిని 'కూర్చున్నాడు' అంటాం, అంతే. స్త్రీల పనిని తరతరాలుగా ఊరికే తీసుకుంటున్న సమాజం, ఒక స్త్రీ ఊరికే ఎక్కడికైనా వెళ్తానంటే ఎందుకంత కలవరపడుతుంది? ఈ ప్రశ్న నాకు పుస్తకాల్లోంచి రాలేదు. మా మేనత్త ప్రయాణం ఏర్పాట్లలోంచి వచ్చింది.

అత్తది వేంసూరు. ఒకవైపు ఆంధ్ర సరిహద్దు, ఇంకోవైపు సత్తుపల్లి, దమ్మపేట మీదుగా భద్రాచలం అడవుల దారి. మామిడి, పామాయిల్ తోటలు, మిరప చేలు. అరవై దాటిన మనిషి. ఇదివరకు రెండుసార్లు విమానమెక్కింది. రెండుసార్లూ అమెరికాలో కోడలి ప్రసవాలకే. ఆ రెండు ప్రయాణాల్లో ఆమె చూసిన అమెరికా ఒక వంటగది, ఒక ఉయ్యాల, కిటికీలోంచి కనిపించే పార్కింగ్ స్థలం. కూతురు స్టాక్‌హోమ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తుంది. అక్కడి బడులకు ఫిబ్రవరి చివర ఒక వారం 'స్పోర్ట్‌లోవ్' అనే సెలవు వస్తుంది. 1940లో యుద్ధం వల్ల బొగ్గు కొరత వచ్చినప్పుడు బడులు వెచ్చబెట్టే ఖర్చు తప్పించుకోవడానికి మొదలైన సెలవట అది. తర్వాత పిల్లలు మంచు ఆటలకు వెళ్ళే వారంగా స్థిరపడింది. ఆ వారానికి కూతురూ అల్లుడూ ఓరె అనే కొండ ఊళ్ళో ఒక చెక్క ఇల్లు అద్దెకు మాట్లాడుకున్నారు. స్టాక్‌హోమ్ నుంచి రాత్రి రైల్లో వెళ్ళొచ్చు. పద్నాలుగు వందల మీటర్ల కొండ. పైకి వెళ్ళే రైలు 1910 నుంచీ ఉంది. ప్రపంచ స్కీయింగ్ పోటీలు మూడుసార్లు అక్కడ జరిగాయి. "నువ్వు రా అమ్మా. పిల్లల కోసం కాదు, ఊరికే రా" అంది కూతురు.

ఈ 'ఊరికే'ని ఇంట్లో ఎవరూ నమ్మలేదు. "మళ్ళీ ఏమైనా విశేషమా?" అని తోటికోడలు అడిగింది. కాదని తెలిసేసరికి ప్రశ్నల వరస మొదలైంది. ఆ చలికి తట్టుకుంటావా, మోకాళ్ళ నొప్పితో మంచులో ఏం చేస్తావు, మిరప కోతలప్పుడా వెళ్ళేది, అంత ఖర్చు దేనికి. కూతురు నిజంగానే నెలలు నిండి ఉంటే ఇందులో ఒక్క ప్రశ్న కూడా పుట్టేది కాదు. చలీ, మోకాళ్ళూ, మిరపా అప్పుడూ ఉండేవి. ప్రయాణానికి ఒక పని జత అయితే అడ్డంకులన్నీ వాటంతటవే సర్దుకుంటాయి. పని లేకపోతే మోకాళ్ళు కూడా సాక్ష్యానికి వస్తాయి.

మనకు విశ్రాంతికి రెండు మంచి మాటలున్నాయి, తీరిక, సెలవు. తీరిక అంటే పని తీరాక మిగిలేది. ఇంటిపని తీరేది కాదు కనక తీరిక రాదు. 2024 కాలవినియోగ సర్వే ప్రకారం మన దేశంలో ఇంటిపని చేసే స్త్రీలు రోజుకు సగటున 289 నిమిషాలు అందులో గడుపుతారు, చేసే మగవాళ్ళు 88 నిమిషాలు. ఇక సెలవు అంటే మొదట అనుమతి. 'సెలవియ్యండి' అంటాం కదా. ఇచ్చేవాడొకడు ఉండాలి. 1948 ఫ్యాక్టరీల చట్టం ఇరవై రోజుల పనికి ఒకరోజు జీతంతో సెలవు అని లెక్క కట్టింది. ఆ లెక్కకు యజమానీ, హాజరుపట్టీ కావాలి. ఇంట్లో యజమాని ఉన్నాడు గానీ హాజరుపట్టీ లేదు. కాబట్టి అత్తకు తీరికా లేదు, సెలవూ లేదు. మిగిలింది 'ఊరికే' ఒకటే.

విచిత్రం ఏమిటంటే ఆమె వెళ్ళబోయే దేశం ఈ ముడిని విప్పడానికి ఒకప్పుడు ప్రయత్నించింది. స్వీడన్‌లో 1938లో కార్మికులకు రెండు వారాల జీతంతో కూడిన సెలవు చట్టమైంది. (సెలవును వాళ్ళు 'సెమెస్టర్' అంటారు. కాలేజీల్లో పనిచేసే మనకు ఈ మాట వేరే రకంగా వినిపిస్తుంది!) మరి గృహిణులో? వాళ్ళకు యజమాని లేడు, జీతం లేదు. 1946 నుంచి ప్రభుత్వమే గృహిణుల సెలవుకు డబ్బు ఇవ్వడం మొదలుపెట్టింది. చిన్న పిల్లలున్న, ఆదాయం తక్కువున్న స్త్రీలకు ఉచిత ప్రయాణం. ఆ కాలంలోనే ఇల్లాలు లేనప్పుడు ఇల్లు చూసే సహాయకుల ఏర్పాటు కూడా స్థానిక సంస్థల ద్వారా పెరిగింది. ఈ రెండో సంగతి నాకు ముఖ్యంగా తోస్తుంది. టిక్కెట్టు ఇస్తే చాలదని, ఆమె వెనక వదిలి వెళ్ళే పొయ్యి ఎవరు వెలిగిస్తారో కూడా చూడాలని వాళ్ళకు తట్టింది.

అయితే అక్కడా షరతు ఉంది చూశారా, పిల్లలున్న తల్లులకే. ఆల్వా మీర్డాల్, గున్నార్ మీర్డాల్ 1934లో జనాభా సంక్షోభం మీద పుస్తకం రాసిన తర్వాత ఆ దేశంలో తల్లుల ఆరోగ్యం రాజ్యం పట్టించుకునే విషయమైంది. తల్లి కనక విశ్రాంతి. తిరిగొచ్చి బాగా పనిచేస్తుంది కనక విశ్రాంతి. ఎద్దుకు మేత వేసే తర్కం ఇందులో కాస్తయినా లేదంటారా? ఐస్‌లాండ్ స్త్రీలు 1975 అక్టోబర్ 24న ఆ తర్కాన్ని పక్కకు తోసేశారు. ఆ దేశపు స్త్రీలలో దాదాపు తొంభై శాతం ఆఫీసు పనీ ఇంటి పనీ రెండూ ఆపేసి వీధుల్లోకి వచ్చారు. దానికి సమ్మె అని కాకుండా 'స్త్రీల సెలవు రోజు' అని పేరు పెట్టుకున్నారు. ఎవరినీ సెలవు అడగలేదు, తీసుకున్నారు.

మన దగ్గర అలాంటిది ఏమైనా జరిగిందా అంటే, నా దృష్టిలో 2023 డిసెంబర్ 9న మొదలైన మహాలక్ష్మి ఉచిత బస్సు. పథకం పెట్టినవాళ్ళ లెక్కలు ఏవైనా కానీ, తెలంగాణ పల్లెల్లో వేలమంది స్త్రీలు మొదటిసారి చేతిలో పైసా లేకుండా, ఎవర్నీ పైసా అడగకుండా ఊరు దాటారు. వెంటనే వెక్కిరింతలు మొదలయ్యాయి. పని లేకుండా తిరుగుతున్నారు, గుళ్ళకు పోతున్నారు, బస్సులు నింపేస్తున్నారు అని. 2024లో బస్సులో కూర్చుని వెల్లుల్లి పొట్టు తీసుకుంటున్న స్త్రీల వీడియో ఒకటి ఫోన్లలో తిరిగింది. నవ్వినవాళ్ళు ఒక విషయం చూడలేదు. ఊరికే తిరుగుతున్నారని ఎవరిని అంటున్నారో వాళ్ళ చేతులు అప్పుడు కూడా వంటిల్లు వదల్లేదు.

దీనికి మనలో చాలామంది ఇచ్చిన జవాబు ఏమిటి? వాళ్ళు ఆసుపత్రికి వెళ్తున్నారు, కూలికి వెళ్తున్నారు, ఆడపిల్లలు కాలేజీకి వెళ్తున్నారు అని. నిజమే. కానీ ఆ జవాబు ఎదుటివాడి నియమాన్ని ఒప్పుకున్నాకే మొదలవుతుంది. స్త్రీ కదలికకు ప్రయోజనం చూపించాలన్నదే ఆ నియమం. 'ఊరికే వెళ్ళింది, అయితే ఏం?' అని అనగలిగినవాళ్ళు స్త్రీవాదుల్లో కూడా తక్కువే. అత్త కూడా ఆ మొదటి నెలల్లో భద్రాచలం వెళ్ళి గోదావరి గట్టున రెండు గంటలు కూర్చుని వచ్చింది. ఇంట్లో మాత్రం దర్శనానికని చెప్పింది. దేవుడు మన స్త్రీలకు ఇచ్చిన వరాల్లో ఈ సాకు అన్నిటికన్నా గొప్పదేమో.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది, దాన్ని నేను తేలిగ్గా తీసుకోను. ఒక స్త్రీ విశ్రాంతిని ఇంకో స్త్రీ మోయాల్సిందే కదా? ఫిబ్రవరి, మార్చి అంటే ఖమ్మం జిల్లాలో మిరప కోతలు. సుక్మా, బీజాపూర్ వైపు నుంచి అడవి దాటి కూలీలు వస్తారు. ఎక్కువమంది స్త్రీలు, చంటిపిల్లలతో. చేలగట్ల మీద పట్టాలు కప్పిన గుడిసెల్లో ఉంటారు. అదే నెలలో ఓరె లాంటి ఊళ్ళకూ సీజను పనివాళ్ళు వస్తారు. లిఫ్టుల దగ్గర నిలబడటానికి, గదులు తుడవడానికి, గిన్నెలు కడగడానికి. ఓరె చుట్టూ ఉన్న కొండలు సామీ ప్రజల రెయిన్‌డీర్ మేతభూములు. కోయ గూడేల మధ్య, 1/70 చట్టం పేరు వింటూ పెరిగినవాళ్ళకు ఆ మాట వివరించనక్కర్లేదు. ఒకరి విహారస్థలం ఎప్పుడూ ఇంకొకరి పనిస్థలమే.

ఈ ప్రశ్న సరైనదే. కానీ అది ఎవరిని అడుగుతున్నారన్నది చూడాలి. మామయ్య స్నేహితులతో పాపికొండలు వెళ్ళినప్పుడు కోతలు ఎవరు చూస్తారని ఎవరూ అడగలేదు, అత్త చూస్తుందని అందరికీ తెలుసు కనక. మగవాడి విశ్రాంతిని మోసేవాళ్ళు ముందే ఏర్పాటై ఉంటారు, అందుకే అది స్వేచ్ఛలా కనిపిస్తుంది. స్త్రీ విశ్రాంతికి ప్రతిసారీ కొత్తగా మనుషుల్ని వెతకాలి, అందుకే అది స్వార్థంలా కనిపిస్తుంది. లెక్క ఇద్దరినీ అడిగితే నాకు అభ్యంతరం లేదు.

కూతురి వైపు కథ కూడా అంత తేలికైంది కాదు. అక్కడ అద్దె చెక్క ఇళ్ళలో వంట వాళ్ళే చేసుకోవాలి. ఖాళీ చేసే రోజు ఇల్లంతా కడిగి అప్పగించాలి, లేదా దానికి వేరే డబ్బు కట్టాలి. స్కీ బడిలో పిల్లల పేర్లు, బూట్ల కొలతలు, లిఫ్టు పాసులు, ఉన్ని లోదుస్తులు, పప్పూ బియ్యం మూటలు, అన్నీ ఒక పట్టికలో రాసింది. రాసింది ఆమే. అల్లుడు మంచివాడు, చెప్పిన పనల్లా చేస్తాడు. చెప్పడం కూడా ఒక పనేనని ఇంకా ఎవరూ అతనికి చెప్పలేదు. 1974లోనే తల్లికీ తండ్రికీ కలిపి శిశుసంరక్షణ సెలవు ఇచ్చిన దేశంలో ఉంటున్నా, ఇంటిని తలలో మోసే బాధ్యత వేంసూరు నుంచి ఆమె వెంటే వచ్చింది. అందుకే ఆ పట్టికలో అత్త పేరు ఎక్కడుందో నేను ఆత్రంగా వెతికాను. లేదు. ఏ గడిలోనూ లేదు. "ఉంటే చించేసేదాన్ని" అంది అత్త నవ్వుతూ.

స్వీడన్‌లో 2024 జూలై నుంచి ఒక కొత్త వెసులుబాటు వచ్చింది. తల్లిదండ్రులు తమ సెలవు రోజుల్లో 45 వరకు అమ్మమ్మకో నాయనమ్మకో బదిలీ చేయొచ్చు. పిల్లల్ని చూసుకున్నందుకు ఆమెకు ప్రభుత్వమే డబ్బిస్తుంది. అయితే ఆ దేశపు సామాజిక బీమాలో ఉన్న అమ్మమ్మలకే. వేంసూరు నుంచి మూడు నెలల వీసా మీద వెళ్ళే అమ్మమ్మకు కాదు. అంటే అదే ఉయ్యాల ఊపితే ఒకామెది పని, ఇంకొకామెది ప్రేమ. అత్త అమెరికాలో చేసిన రెండు విడతల పనిని గురించి నేను ఇలా మాట్లాడితే ఆమెకు నచ్చలేదు. "మనవళ్ళకి చేసింది కూడా లెక్క రాయమంటావా?" అంది. రాయమనడం లేదు. కానీ ప్రేమతో చేసినంత మాత్రాన అది పని కాకుండా పోదు, పని అయినంత మాత్రాన ప్రేమ కాకుండా పోదు. మనవాళ్ళు రెండో ముక్కను వదిలేసి మొదటిదాన్ని దాచుకున్నారు.

దరఖాస్తు పెట్టడంలో ఈ చర్చంతా రెండు గళ్ళలోకి వచ్చి ఆగింది. ప్రయాణ ఉద్దేశం అన్నచోట విహారం, బంధువుల్ని చూడటం, వైద్యం, చదువు, క్రీడలు వగైరా ఉన్నాయి. వృత్తి అన్నచోట ఖాళీ. అమెరికా వెళ్ళినప్పుడు ఏజెంటు అడక్కుండానే 'హౌస్‌వైఫ్' అని కొట్టేశాడు. పాస్‌పోర్టులో భర్త పేరుంది, బ్యాంకు ఖాతాలో మిరప డబ్బు లేదు, అదంతా మామయ్య ఖాతాలోకే పోతుంది. ముప్పై వేల యూరోల ఆరోగ్య బీమా, కూతురి ఆహ్వానపత్రం, అల్లుడి జీతం కాగితాలు. తిరిగి వస్తుందనడానికి ఇక్కడ ఆమెకు ఏముందో చూపాలి. అప్పుడు అత్త బీరువాలోంచి పసుపుకుంకుమ కింద పుట్టింటివాళ్ళు ఇచ్చిన ఎకరం పాసుపుస్తకం తీసింది. "రైతు అని రాయి" అంది. ఉద్దేశం దగ్గర కూతుర్ని చూడటానికని రాయబోతే ఆపింది. "అదీ ఉంది. కానీ విహారం దగ్గర కూడా టిక్కు పెట్టు" అంది. రెండూ పెట్టాను.

కోతల సంగతి ఇంకా తేలలేదు. కాయ తూకం, ఎవరెన్ని కిలోలు కోశారు, ఎవరు ముందే డబ్బు తీసుకున్నారు, కల్లంలో తాలు ఏరడం, ఎవరి పిల్లకు జ్వరం, ఇవన్నీ అత్త పుస్తకంలో కొంత, తలలో కొంత ఉన్నాయి. ఆ పనిని కూలికొచ్చిన ఆడవాళ్ళ మీదే ఎవరి మీదైనా పెడదామని తోటికోడలు అంటే అత్త ఒప్పుకోలేదు. "పొద్దున్నుంచి వంగి కోసేవాళ్ళకి రాత్రి లెక్కలు కూడానా? వాళ్ళకి సంత రోజు తప్ప సెలవే లేదు, ఆ రోజు కూలీ కూడా లేదు" అంది. పుస్తకం మామయ్య చేతికిచ్చింది. "రాసుకోవడమేగా" అన్నాడాయన. ఒక సాయంత్రం కల్లంలో కూర్చుని వచ్చాక ఆ మాట మళ్ళీ అనలేదు. పుస్తకంలో చుక్కలేమిటి, గీతలేమిటి, ఈ పసుపు దారం ముడి ఎందుకు అని అడుగుతూనే ఉన్నాడు. చివరి పేజీలో అన్నీ రాసిపెడుతోంది అత్త. మొన్న వెళ్తే ఆయన కాలెండరు వెనక లెక్క వేస్తున్నాడు. అక్కడ మనకన్నా నాలుగున్నర గంటలు వెనకట, పొద్దున ఆరింటికి చేలో నిలబడి ఫోన్ చేస్తే అక్కడ అర్ధరాత్రి ఒకటిన్నర అవుతుందట.

"ఎత్తుతావుగా?" అన్నాడు.

"ఎత్తనండీ, పడుకుంటా" అంది అత్త.