చేతిలోని యంత్రము – యజమాని ఎవరు?

"ఇది నాది" అని చెప్పుట సులభము. ఏ అర్థమున నాది అని విచారించుట కష్టము. పొలము నాది అనువాడు దానిని దున్నవలెను. బావి నాది అనువాడు పూడిక తీయించవలెను. ఎద్దు నాది అనువాడు దానికి వేళకు మేత వేయవలెను. వెల యిచ్చి కొన్నంతమాత్రమున ఎవడును యజమాని కాజాలడనియు, వస్తువును అవసరమునకు తగినట్లు నడుపుచు దాని బాధ్యతను వహించువాడే యజమాని యనియు మన పెద్దలు నిత్యవ్యవహారములోనే ఎరిగియుండిరి. ఈ పాత ప్రశ్న గత సంవత్సరము ఒక క్రొత్త వస్తువు మూలమున మా ఇంటికి వచ్చినది. దానిని గూర్చి పాఠకులతో నాలుగు మాటలు చెప్పుకొనదలచితిని.

నేను తపాలా శాఖలో 38 సంవత్సరములు పనిచేసి విశ్రాంతి పొందినవాడను. జహీరాబాదు ప్రాంతము మా నివాసము. చిరకాలము మీటల ఫోనుతోనే కాలము గడిపితిని. పింఛను పుచ్చుకొనువారు ఏటేటా తాము జీవించియున్నట్లు ధ్రువపత్రము ఇయ్యవలెను గదా! 2014 లో కేంద్ర ప్రభుత్వము ఇందుకై జీవన్ ప్రమాణ్ పద్ధతిని ప్రారంభించినది. 2021 నుండి ఫోనుకు ముఖము చూపియే ఆ పత్రమును పొందు వీలు కలిగినది. మోకాళ్ల నొప్పితో బ్యాంకు మెట్లెక్కుచున్న నన్ను చూచి మా అబ్బాయి ఒక స్మార్ట్‌ఫోను కొని పంపెను. మా మనుమరాలు దానిని నా చేతిలో పెట్టి, "తాతా, ఇక నువ్వు బతికే ఉన్నావని ఇంట్లోనే కూర్చుని చెప్పొచ్చు" అని నవ్వినది.

మొదట చేతికి తెలిసినది దాని నునుపు. మీటలు లేవు. ఆ అద్దము ఒత్తిడిని గాక, వ్రేలు తాకినపుడు కలుగు స్వల్పమైన విద్యుత్తు మార్పును గుర్తించునట. వయసుచే ఎండిన నా వ్రేళ్లను అది ఒక్కొక్కసారి గుర్తింపలేదు. తడిబట్టతో తుడుచుకొని మరల తాకవలసివచ్చెను. అక్షరములను పెద్దవి చేసికొనగా కంటిజోడు లేకయే చదువగలిగితిని. 1969 లో చంద్రునిపై మానవుడు దిగిన వార్తను రేడియోలో విన్న తరము మాది. ఆ ప్రయాణమునకు దారి చూపిన గణనయంత్రమునకు పని చేయుటకు గల తాత్కాలిక జ్ఞాపకస్థలము సుమారు నాలుగు వేల ఇంగ్లీషు అక్షరములకు సరిపోవునంతయే. నా చేతిలోనిదానికి అంతకు పది లక్షల రెట్లు కలదు. ఇంతటి శక్తిని జేబులో వేసికొని నేనేమి చేయుచున్నాను అని ఆనాడే కొంచెము సిగ్గు కలిగినది.

ఆ తరువాత అది వరుసగా షరతులు చూపినది. ప్రతి పుట క్రిందను "అంగీకరించుచున్నాను" అను గడి యున్నది. ఒకటియైనను చదువక అన్నింటిని తాకితిని. ఆ రాత్రి పడుకొన్న పిమ్మట నాకొక సంగతి స్ఫురించినది. ఉద్యోగములో నున్న దినములలో, చదువురాని ముసలివారు మనియార్డరు పుచ్చుకొనుటకు వచ్చినపుడు, కాగితములోని విషయమును పూర్తిగా చదివి వినిపింపక ఎవరిచేతను వేలిముద్ర వేయించినవాడను కాను. అట్టి నేను చదువు వచ్చియుండియు, చదువకయే పదిమార్లు వేలు మోపితిని. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు 2017 లో తీర్పు చెప్పినది. అంగీకారము తెలిసి, స్వేచ్ఛగా ఇచ్చినదై యుండవలెననియు, దానికి సంబంధించిన ప్రకటనను మన రాజ్యాంగము ఎనిమిదవ షెడ్యూలులోని భాషలలో చదువుకొను వీలుండవలెననియు 2023 నాటి చట్టములో వ్రాయబడినది. చట్టము హక్కు నియ్యగలదు. చదువు ఓపికను మాత్రము ఇయ్యజాలదు.

ఇక రెండవ వైపు చెప్పకున్న అన్యాయమగును. మా అక్క షోలాపురములో నున్నది. ఆమె ప్రయాణము చేయలేదు, నేనును చేయలేను. ఆరు సంవత్సరములుగా గొంతులే వినుచుంటిమి. ఆ ఆదివారము మనుమరాలు ఏదో తాకగా అద్దములో అక్క ముఖము కనబడినది. ఇద్దరమును మొదట మాటాడలేకపోతిమి. తరువాత ఆమె, "ఏందిరా తమ్మీ, గింత చిక్కిపోయినవ్!" అన్నది. ఆ ఒక్క మాటకై ఈ యంత్రము వెల ఎంతయైనను ఇయ్యవచ్చునని నాకు తోచినది. ఈనాటికిని ఆ అభిప్రాయమును మార్చుకొనలేదు.

పిమ్మట పది దినములకు జరిగినదే ఈ వ్యాసమునకు కారణము. మా వీధి చివర నుండు ఒక రైతు, నాకు చిరకాల మిత్రుడు, సాయంకాలము వచ్చి అరుగుపై కూర్చుండెను. ఏదో చెప్పబోయి, ఆగి, మరల ప్రారంభించెను. ఇంతలో ఫోను చిన్నగా మ్రోగినది. నేను చూచితిని. అది ఒక బట్టల దుకాణమువారి ప్రకటన. దానిని తొలగింపబోగా వేరొకటి తెరచుకొన్నది; దానిని మూయుటకు కొంత సేపు పట్టినది. తలయెత్తునప్పటికి ఆయన మౌనముగా నా చేతివైపు చూచుచుండెను. "మీకు పనున్నట్టుంది సారూ, మళ్ళ వస్తా" అని లేచి వెళ్లెను. నేనును ఆపలేదు.

మరల రాలేదు. నాలుగు దినముల తరువాత, ఆయన తన రెండెకరముల భూమిని అమ్ముటకు బయానా పుచ్చుకొన్నట్లు ఇతరుల వలన వింటిని. ఆ సాయంకాలము ఆ విషయమే అడుగవచ్చెనని వారింటిలో తెలిసినది. నేను విని సలహా చెప్పియున్నచో ఆయన అమ్మకుండెడివాడని చెప్పజాలను, అమ్ముటయే తగియుండవచ్చును. కాని ఒక మనిషి తన భారమును దించుకొనుటకు ఎంచుకొన్న గుమ్మము నాది. ఆ సమయమున నేను గుమ్మములో లేను.

అప్పుడు ఎద్దును, నాగలిని గూర్చి ఆలోచించితిని. నాగలి రైతును పిలువదు. గోడకు ఆనించినచోటనే యుండును. ఎద్దు పిలుచును, కాని తన ఆకలికి పిలుచును. ఆ పిలుపునకు పలుకుట యజమాని ధర్మము. పాత ఫోను మ్రోగినచో అవతల ఒక మనిషి యున్నాడని అర్థము. ఈ క్రొత్త యంత్రము పిలుచునప్పుడో, పెక్కుమార్లు దానికి ఆకలి లేదు, అవతల నన్నెరిగిన మనిషియు లేడు. ఎవరో వ్యాపారి నా దృష్టిని కోరుచున్నాడు. నా సొమ్ముతో కొన్న వస్తువు నా ఇంటిలో కూర్చుండి పరుల పక్షమున నన్ను పిలుచుచున్నది.

తపాలావానిగా నాకింకొక తేడా కనబడినది. 2013 జూలైలో మన దేశమున తంతి సేవ ముగిసినది. తంతిలో మాటకింత అని రుసుము. పంపువాడు ఒక్కొక్క మాటను తూచి వ్రాసెడివాడు. ఎదుటివానిని ఉలిక్కిపడజేయుటకు అయ్యెడి వ్యయమును పంపువాడే భరించెడివాడు. నేడు పంపువానికి దాదాపు ఖర్చే లేదు, ఖర్చంతయు అందుకొనువానిది. ఆ ఖర్చు రూపాయలలో గాక, శ్రద్ధలో చెల్లును. సమాచారము పెరిగినకొలది దానిని గ్రహించువారి శ్రద్ధ తరుగునని హెర్బర్ట్ సైమన్ అను అమెరికా పండితుడు 1971 లోనే హెచ్చరించెను. ఉత్తరమునకు చివర "ఇట్లు" అని యుండును. పుస్తకమునకు చివరి పుట కలదు. క్రిందికి జరుపుచున్నకొలది ముగియక వచ్చు పుటను 2006 లో రూపొందించిన ఆజా రాస్కిన్ అను నిపుణుడే తరువాత దానికి బహిరంగముగా విచారపడెను. ముగింపు లేనిదాని ముందు మనిషి తానే ముగింపు పెట్టుకొనవలసియున్నది.

దీనికి మా అబ్బాయి ఒక ఆక్షేపణ చెప్పెను: "నాన్నా, తప్పు ఫోనుది కాదు. శబ్దం తీసేసుకుంటే సరిపోయేది." ఆ మాట నిజము. నిందను యంత్రముపై మోపి తప్పించుకొనుట నాకును ఇష్టము లేదు. తల వంచినది నేనే. అయితే నా దోషమొక్కటే చూచినను సగమే చూచినట్లగును. నిర్లక్ష్యముగా నడచువాడు గోతిలో పడినచో వానిది తప్పే. దారి నడుమ గోయి త్రవ్వినవాడు మాత్రము నిర్దోషి యగునా?

యజమాని యనుకొనువాడు ఇంకొక లెక్కయు వేసికొనవలెను. ఈ యంత్రములోని బ్యాటరీలకు వాడు కోబాల్టు ఖనిజములో సగమునకు పైగా ఆఫ్రికాలోని కాంగో దేశమునుండి వచ్చుచున్నది. అచ్చటి గనులలో పిల్లలును పనిచేయుచున్నట్లు అమ్నెస్టీ ఇంటర్నేషనల్ సంస్థ 2016 లో నివేదిక ప్రకటించినది. కాయకమును పూజగా నెంచిన సంప్రదాయమువారము మనము. ఎవరి కాయకము ఎట్టి స్థితిలో మన అరచేతికి చేరుచున్నదో అడుగకుండుట మనకు తగదు. నా ఒక్కని వలన ఆ గని మారదు. కాని పనిచేయుచున్న ఫోనును క్రొత్త మోజుతో పారవేయకుండుట నా చేతిలోనిదే.

అరచేయి అనగానే మన ఇండ్లవారికి తోచు సంగతి వేరొకటి కలదు. వామహస్తమున ఇష్టలింగమును నిలిపి దానియందు దృష్టిని నిలుపుట మనకు బాల్యమునుండి నేర్పిన సాధన. ఈ రెండింటిని సరిపోల్చుట నా ఉద్దేశము కాదు. అయినను ఒకనాటి ఉదయము, పూజ ముగించి లేవగనే అదే చేయి తనంతట తాను ఫోనుకై చాచుట చూచి నేను ఆగిపోతిని. అచ్చట దృష్టిని నేను నిలుపుచున్నాను. ఇచ్చట నా దృష్టిని ఎవరో నడిపించుచున్నారు. సాధన నేర్పినది ఇదియే గదా: చూపు మన ఆధీనములో నుండవలెను.

నేను ఫోనును విడువలేదు. అక్క ముఖమును విడువలేను. మనుమరాలిని కూర్చుండబెట్టుకొని, మనుషుల పిలుపులు తప్ప తక్కిన అన్నింటి శబ్దమును తీసివేయించితిని. ఇంటికి ఎవరైన వచ్చినచో దానిని లోపలి గూటిలో పెట్టుచున్నాను. ఈ నియమమును నేను ప్రతిదినము పాటించుచున్నానని చెప్పినచో అసత్యమగును; వారమునకు ఒకటి రెండు మార్లు తప్పుచున్నాను, తప్పినపుడు తెలిసికొనుచున్నాను.

ఆ మిత్రుని ఇంటికి వెళ్లి క్షమింపుమని అడిగితిని. "దానికేముంది సారూ" అని చాయ తెప్పించెను. ఇప్పుడును మా అరుగుపైకి వచ్చుచున్నాడు. వానల మాట, పంటల మాట చెప్పుచున్నాడు. ఆ భూమి మాట మాత్రము ఎత్తలేదు. ఆయన ఎత్తువరకు నేను అడుగను. గూటిలోని ఫోనును తలపకుండ ఆయన ఎదుట కూర్చుండుటయే ప్రస్తుతము నేను చేయగలిగినది.

చేతిలోని యంత్రము ఎవరిది అను ప్రశ్నకు దుకాణమువారిచ్చిన రసీదు జవాబు కాదు. ఒక మనిషి మన గుమ్మములోనికి వచ్చినపుడు దానిని ప్రక్కన పెట్టగలిగితిమా, అది మనది. పెట్టలేకపోతిమా, మనము దానివారము. ఈ లెక్కను ప్రతి ఇంటివారును తమ తమ ఇండ్లలో, పిల్లలను దగ్గర కూర్చుండబెట్టుకొని, ముందు పెద్దలతోనే ప్రారంభించి చూచుకొందురు గాక!