శత్రువు ముఖము

యుద్ధమున శత్రువును చంపుట పాపమగునా యని అడిగినవారికి మన వాఙ్మయము కావలసినన్ని సమాధానములు చెప్పియున్నది. చంపుటకు అధికారమును, అవకాశమును, ఆజ్ఞయు కలిసివచ్చిన క్షణమున చంపక విడిచినవాడు స్వధర్మమును తప్పినవాడగునా, లేక దానిని మించిన ధర్మమొకటి పాటించినవాడగునా యను ప్రశ్నను మాత్రము మనము అంత శ్రద్ధతో విచారించినట్లు కానరాదు. గడచిన రెండు మహాయుద్ధముల చరిత్రలలో, సేనానుల వ్యూహములకును ఫిరంగుల కొలతలకును దొరకిన చోటు దొరకక ఏ మూలనో పడియున్న రెండు వృత్తాంతములు ఈ ప్రశ్నను మన యెదుట నిలుపుచున్నవి.

1916వ సంవత్సరమున, ఇటలీ ఉత్తరభాగముననున్న అసియాగో పీఠభూమిపై ఆస్ట్రియా సైన్యముతో పోరాడుచుండిన సస్సారి బ్రిగేడులో ఎమీలియో లుస్సు అను యువకుడు అధికారిగా నుండెను. ఒకనాటి వేకువజామున ఆయన కార్పొరలు నొక్కని వెంటబెట్టుకొని, పొదల మాటున ప్రాకి, శత్రువుల కందకము లోపలి భాగము తేటగా కనబడు తావునకు చేరెను. అంతవరకు తుపాకి గుండ్ల వలననే గాని తెలియని శత్రువు అప్పుడు మనుష్యాకారమున కనబడెను. ఆస్ట్రియను సైనికులు పొద్దుటి కాఫీ త్రాగుచుండిరి. అంతలో వారి అధికారి యొకడు, లేతప్రాయమువాడు, అచ్చట నిలిచి సిగరెట్టు వెలిగించెను. లుస్సు తుపాకి యెత్తి గురి చూచెను. గురి తప్పు దూరము కాదు. అయితే ఆ సిగరెట్టును చూడగానే తనకును పొగ త్రాగవలెనను కోరిక పుట్టెననియు, ఆ కోరికతోనే ఎదుటివాడు తనవంటి మనిషియని తోచెననియు ఆయన పిదప వ్రాసికొనెను. కాఫీయు సిగరెట్టును! మన ధర్మశాస్త్రకారులు ఊహింపని ఆచార్యులు. నూరుగురను వెంటబెట్టుకొని నూరుగురపై బడుట యుద్ధము. ఒంటిగా నిలిచినవానిని ఏరి కాల్చుట మరియొకటి యని యెంచి, ఆయన తుపాకిని కార్పొరలు చేతికిచ్చి, నీకిష్టమైన నీవు కాల్చుమనెను. ఆ కార్పొరలును నిరాకరించెను. ఇరువురును వచ్చిన త్రోవనే ప్రాకుచు మరలిపోయిరి.

ఇది భీరువు కథ యని యెవరైన తలంతురేమో. లుస్సు ఆ యుద్ధమంతయు పోరాడి పతకములందినవాడు. తరువాత ముస్సోలినీ నెదిరించి లిపారి ద్వీపమున బందీయై, 1929లో అచ్చటినుండి తప్పించుకొనిపోయినవాడు. ఈ వృత్తాంతము గల ఆయన గ్రంథము 1938లో పారిస్‌లో వెలువడినది.

రెండవది ఆకాశమున జరిగినది. 1943 డిసెంబరు 20వ తేదీన బ్రెమెన్ నగరముపై బాంబులు వేసి మరలుచున్న అమెరికను బి-17 విమానమొకటి తునకలై పోవుటకు సిద్ధముగా నుండెను. తోకభాగమునందలి తుపాకివాడు చనిపోయెను, మరికొందరు క్షతగాత్రులు, విమానము నడుపుచున్న చార్లీ బ్రౌన్‌కు ఇరువది యొక్క యేండ్లు. దానిని కూల్చుటకై వెంటనంటివచ్చిన జర్మను వైమానికుడు ఫ్రాంజ్ స్టిగ్లర్, యుద్ధమున అన్నను పోగొట్టుకొన్నవాడు. ఆతడు సమీపమునకు వచ్చి, చినిగిన విమానపు చర్మముగుండ లోపలివారు గాయపడినవారికి పరిచర్య చేయుటను కన్నులార చూచెను. పారాచూటుతో దిగుచున్నవానిని కాల్చినచో నిన్ను నేనే కాల్చెదనని ఆతని సేనాని గుస్టావ్ రోడెల్ ఒకప్పుడు శాసించియుండెనట. ఈ విమానమును కూల్చుటయు ఆ పనివంటిదేయని ఆతడు నిశ్చయించెను. ఒకచోట చెప్పిన విధిని దానిని పోలిన వేరొక చోటికి కొనిపోవుటను మన మీమాంసకులు అతిదేశమందురు; అంతటి తర్కము క్షణములలో ఆకాశమున జరిగినది. ఆతడు సముద్రతీరము దాటువరకు ఆ విమానము ప్రక్కనే యెగిరి, సెల్యూటు చేసి, వెనుదిరిగెను. తెలిసినచో మరణదండన తప్పదు గనుక ఎవరికిని చెప్పలేదు. ఆ యిరువురును 1990లో ఒకరినొకరు కనుగొనిరి. 2008లో కొలది మాసముల యెడముతో గతించిరి.

శాస్త్రమేమి చెప్పును? మనువు సప్తమాధ్యాయమున విషము పూసిన బాణములను నిషేధించి, నిద్రించువానిని, కవచహీనుని, నిరాయుధుని, చూడవచ్చినవానిని కొట్టరాదనెను. 1899లో హేగు నగరమున చేరిన రాజ్యములు శరీరమున జొచ్చి విచ్చుకొను గుండ్లను నిషేధించినవి. కలకత్తా చెంత డమ్‌డమ్‌లో పుట్టి ఆ యూరిపేరు పెట్టుకొన్న గుండ్లవి, ఆ కీర్తి మనకక్కరలేదు. ఆపదలోనున్న విమానమునుండి పారాచూటుతో దూకినవానిని గాలిలో కాల్చరాదను నియమము 1977 నాటి జెనీవా ఒడంబడికలో స్పష్టముగా చేరినది. అయితే కాఫీ వేళ కందకమున నిలిచిన అధికారిని గాని, లొంగక యెగురుచున్న బాంబు విమానమును గాని ఈ నియమములలో నేదియు కాపాడదు. కాల్చినను లుస్సును గాని స్టిగ్లరును గాని తప్పుపట్టువారు లేరు. కనుక వారు చేసినది నియమపాలనము కాదు. దాని పేరు వేరొకచోట వెదకవలెను.

కొందరు వెంటనే అర్జునుని తలంతురు: కనికరముతో విల్లు జారవిడిచిన వానిని భగవానుడు మందలించెను గదా! అర్జునుడు దుఃఖించినది తాతలకై, గురువులకై, అన్నదమ్ములకై. ఎదుట నిలిచినవారందరు అపరిచితులైనచో గాండీవము జారియుండునా? ఈ శంకకు భారతమున ఆతని యన్నయే సమాధానము చూపినాడు. సరోవరతీరమున నలువురు తమ్ములు నిర్జీవులై పడియుండగా, ఒక్కని బ్రతికింతునని యక్షుడు చెప్పినప్పుడు ధర్మరాజు నకులుని కోరెను. భీముని బలమును, అర్జునుని విల్లును కాదని సవతితల్లి కొడుకును కోరుట యేల యని యక్షుడు విస్మితుడై యడుగగా, కుంతికి తానొక్కడు మిగిలినట్లే మాద్రికి నొక్కడు మిగులవలెననియు, క్రూరత్వము లేకుండుటయే పరమధర్మమనియు ఆయన చెప్పెను. దీనికే ఆనృశంస్యమని పేరు. రాబోవు యుద్ధమున అర్జునుడు లేని పాండవులగతి యేమగునో ఎరిగియే ఆయన అట్లు కోరెననుట మరువరాదు.

విడిచిన శత్రువు రేపు మరల బాంబులతో వచ్చి మన పిల్లలను చంపడా యను ఆక్షేపము బలమైనది. దానిని త్రోసివేయుటకు నేను సాహసింపను. కాని ఈ లెక్కయే చక్రము క్రుంగిన కర్ణునిపై బాణము వేయించినది. ఈ లెక్కయే పెరిగి, నిద్రించుచున్న ఉపపాండవులపైకి అశ్వత్థామను నడపినది. లెక్కకు ఎక్కడ ఆగవలెనో తానుగా తెలియదు. లుస్సుకును స్టిగ్లరునకును తెలిపినది కంటి ఎదుటనున్న మనిషి.

అందువలననే 1942 ఏప్రిల్ 6వ తేదీ నన్ను బాధించును. ఆనాడు జపాను విమానములు మన విశాఖపట్టణముపైనను కాకినాడపైనను బాంబులు వేసినవి. వేసినవారు క్రూరులని నేననను. వారికి పైనుండి కనబడినది రేవును కప్పులును మాత్రమే. రేవున మూటలు మోయు కూలివాని ముఖము కనబడు మార్గమే లేదు. ఆ ముఖమును కనబడనీయని దూరమునుండి చంపు ఆయుధము, చంపువానికి ఆగు నవకాశమును హరించుచున్నది గనుక, శాస్త్రములన్నియు అనుమతించినను, విషము పూసిన బాణముకంటె హీనమైనదని నా నిర్ణయము.